పోర్చుగల్ దాకా అన్న మాట

ప్రయాణానికి ఇంకా ముప్ఫై ఎనిమిది రోజులున్నాయి. బెర్నదేతా అప్పటికే అలిసిపోయింది.

ఆ రోజుకి తొమ్మిదో వీపు మీంచి చేతులు తీసి, నూనె తుడుచుకుని, కిటికీ పక్క స్టూలు మీద కూలబడింది. తొమ్మిదోది ఒకప్పుడు ఓడల్లో వంట చేసిన పెద్దమనిషిది. బల్ల పట్టనంత వీపు. చెహొచినెక్ శానటోరియంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఇదే, మసాజ్. పోలండ్ నలుమూలల నుంచీ నడుములూ మెడలూ మోకాళ్ళూ మూడేసి వారాల కోసం ఈ ఊరికి వస్తాయి. పగలంతా ఉప్పునీటి తొట్లలో నానుతాయి. కంపపేర్చిన ఎత్తయిన చెక్కగోడల మీంచి ఉప్పునీరు కారుతుంటే ఆ గాలి పీల్చుకుంటూ కింద తిరుగుతాయి. సాయంత్రం డాన్సు హాల్లో వితంతువుల చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి, మళ్ళీ ఎక్కడో పట్టేయించుకుని పొద్దున్నే బెర్నదేతా బల్ల మీద బోర్లా పడుకుంటాయి. మూడు వారాలకి నొప్పి తగ్గి ఇళ్ళకి పోతాయి. ఆ నొప్పంతా ఎటు పోతుందో ఆమె బొటనవేళ్ళని అడిగితే చెబుతాయి.

"వచ్చే నెలలో పోర్చుగల్ పోతున్నారటగా!" అన్నాడు ఓడ వంటాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "క్యాంటీన్లో చెప్పుకుంటున్నారు. మోటార్‌సైకిల్ మీద, అదీ ఒక్కరే! నేను లిస్బన్ మూడుసార్లు చూశాను. బొగ్గుల మీద కాల్చిన చేపలు తినకుండా మాత్రం రాకండి."

"తింటానండి."

"భయం వెయ్యట్లేదూ?"

"భయపడ్డానికి టైమేదండీ?"

ఆయన పగలబడి నవ్వి వెళ్ళిపోయాడు. ఆ జవాబుకి అందరూ నవ్వుతారు. మూడేళ్ళుగా ఆమె అదే జవాబు చెబుతోంది.

అసలు మొదలైంది ఆమె యాభయ్యో పుట్టినరోజున. చెల్లెలు కొర్నెలియా చేసిన కేకు అయిపోయి, చెర్రీ వోడ్కా రెండోసారి తిరుగుతుండగా ఎవరో "ఇక మీదట ఏం చేస్తావు బెర్నదేతా?" అన్నారు. విడాకులయ్యాక నేర్చుకున్న మోటార్‌సైకిల్ ఒక్కటే అప్పటికి ఆమెకున్న సరదా. ఆదివారాలు విస్లా నది ఒడ్డున నలభై యాభై కిలోమీటర్లు పోయి వచ్చేది. "పోర్చుగల్ దాకా పోతాను. భూమి అయిపోయి సముద్రం మొదలయ్యే చోటు దాకా. ఒక్కదాన్నే" అనేసింది. అంతే. తెల్లారేసరికి ఆ మాట బేకరీకి చేరింది. మధ్యాహ్నానికి చర్చికి చేరింది.

మొదటి ఏడాది ఆ మాట తియ్యగా ఉండేది. వంటింటి గోడకి యూరప్ పటం అంటించుకుని, టీ తాగుతూ వేలితో రోడ్ల మీద తిరిగేది. రెండో ఏడు పెద్ద బండి కొంది. మూడో ఏటికి, దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ "ఎప్పుడు?" అనడం మొదలుపెట్టాక, వెళ్ళాలని ఉందో లేక వెళ్ళకపోతే ఊరికి మొహం చూపించలేనని ఉందో తనకే తేలకుండా పోయింది.

ఇంటికొచ్చేసరికి కొర్నెలియా వంటింట్లో ఉంది. కింది అంతస్తు కొర్నెలియాది, పైది అక్కది. మధ్యలో తలుపుందే గానీ దానికి గడియ వెయ్యడం ఇద్దరికీ తెలీదు. బల్ల మీద ఆరు గాజు సీసాల బిగోస్ వరసగా పెట్టి ఉంది. పుల్లటి క్యాబేజీ, మాంసం వేసి మూడు రోజులు ఉడికించింది.

"వారానికి ఒకటిన్నర సీసా అక్కా. లెక్కేసి చేశాను."

"ఫ్రాన్సులో తిండి దొరుకుతుందే."

"దొరుకుతుంది, నత్తలు. తింటావా?"

"గాజుసీసాలు బండి మీద పగిలితే నా బట్టలన్నీ..."

"పగలవు. నీ మేజోళ్ళలో చుట్టి పెడతా." కొర్నెలియా ఆమెని ఎగాదిగా చూసింది. "అద్దంలో మొహం చూసుకున్నావా? ఊరెళ్ళే మనిషి మొహంలా లేదు. ఊరెళ్ళి తిరిగొచ్చిన మనిషి మొహంలా ఉంది."

 బెర్నదేతా గోడకున్న జాబితా వైపు చూసింది. పరదేశంలో వైద్యానికి కార్డు, క్యూలో నిలబడి తెచ్చింది. కొత్త టైర్లు, అయ్యాయి. బ్రేకు ప్యాడ్లు, అయ్యాయి. గుడారం, గ్యాసు స్టవ్వు, వాన ప్యాంటు, విడి బల్బులు, పంక్చర్ సామాను, రాత్రి లైట్లకి మెరిసే చొక్కా. ఒకదాని పక్కన టిక్కు పెడితే కింద రెండు పుట్టుకొచ్చేవి. తన జాబితా చాలనట్టు ఊరి జాబితా ఒకటి. క్యాంటీన్ మేనేజరు డజను మాంసం డబ్బాలిచ్చాడు. ఫాదర్ గారు ప్రయాణికులను కాపాడే పునీతుడి పతకం ఇచ్చారు. అది ఒక్కటే బరువు లేనిది. ఆ ఇంట్లోనే వాళ్ళకి పైన, మూడో అంతస్తులో ఉండే లియోకాదియా గారయితే మూడు ఖాళీ లీటరు బాటిళ్ళు కడిగి, ఆరబెట్టి, మూతల మీద శిలువ గుర్తు వేసి మరీ తెచ్చింది.

లియోకాదియాకి ఎనభై ఒకటి. బెర్నదేతా తల్లికి స్నేహితురాలు; చిన్నప్పటి నుంచీ ఆమెని బెనియా అనే పిలుస్తుంది. రెండు కళ్ళకీ నీటికాసులు; చూపు అంచుల నుంచి లోపలికి చీకటైపోతోంది. "నువ్వు పోయేది ఫ్రాన్సు మీంచే కదా బెనియా, లూర్దు దారిలోనే ఉంది. చర్చి అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. మాత గుహలోంచి వచ్చే నీళ్ళు మూడు సీసాలు. రోజూ ఒక చుక్క వేసుకుంటే నాకు చచ్చేదాకా సరిపోతాయి" అంది. కాదనడానికి బెర్నదేతాకి నోరు రాలేదు.

ఏప్రిల్ మూడో శనివారం ఆమె సామానంతా బండికి కట్టి ఓ రెండు రోజులు తిరిగి చూద్దామని బయల్దేరింది. ఉత్తరాన టుహోలా అడవుల దాకా పోయి, గుడారంలో పడుకుని, మర్నాడు తిరిగి రావాలని. రెండు వైపులా అల్యూమినియం పెట్టెలు, వెనక సంచి, ట్యాంకు మీద ఇంకో సంచి. బండి ఎక్కాక కాలి వేళ్ళ చివర్లే నేలకి అందాయి. రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపూ బరువు తెలియలేదు. ఆ బండి గుణమే అంత, పరిగెడుతున్నప్పుడు పిల్లిలా ఉంటుంది, ఆగితే ఏనుగైపోతుంది.

అడవిలో తారు రోడ్డు అయిపోయి ఇసుక దారి వచ్చింది. రెండు దారులు చీలే చోట, ఎటు పోవాలో చూద్దామని ఆపి ఎడమ కాలు కింద పెట్టింది. కాలికింద ఇసుక జారింది. అంతే, పెద్ద చప్పుడు కూడా కాలేదు. బండి నెమ్మదిగా, మంచం మీద ఒత్తిగిల్లినట్టు పక్కకి ఒరిగి పడుకుంది. ఆమె కాలు లాక్కుని పక్కకి దొర్లింది. దెబ్బేం తగల్లేదు. లేచి ఇంజను ఆపి హ్యాండిల్ పట్టుకుని లాగింది. కదల్లేదు. వీపు ఆనించి, మోకాళ్ళ మీద బలం పెట్టి నెట్టింది. జానెడు లేచి, మళ్ళీ పడుకుంది. పెట్టెలు ఊడదీసి నెట్టింది. ఈసారి మూరెడు లేచింది. అక్కడికి మణికట్లు రెండూ తెగిపోతున్నట్టయి వదిలేసింది.

తరవాత రెండు గంటలు ఆమె ఒక పైన్ చెట్టు మొదట్లో కూర్చుని ఆ బండిని చూస్తూ ఉంది. ఫోనులో సిగ్నల్ లేదు. ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టు కొడుతోంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఇక్కడే, ఈ పైన్ ఆకుల మీదే, ఎవరూ ఏమీ అడక్కుండా పడుకుండిపోతే బావుండుననిపించింది. అలా అనిపించినందుకు మాత్రం కొంచెం బెదిరింది.

మూడింటికి దుంగలు లాగే ట్రాక్టర్ ఒకటి వచ్చింది. దాని మీంచి ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంత తూగుతుందండీ ఇది?"

"సామానంతా కలిపితే మూడొందలకి పైనే."

"అమ్మో! మా ఇంట్లో కోడెదూడ అంత ఉండదే! అదయితే తోక మెలిపెడితే దానంతటదే లేస్తుంది." నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టి లేపారు. పెట్టెలు మళ్ళీ బిగించేటప్పుడు "ఎటు ప్రయాణం?" అనడిగాడు.

పోర్చుగల్ అనడానికి నోరు రాలేదు. "ఇంటికండీ" అంది.

ఆదివారమంతా ఇంట్లో పడుకుంది. సోమవారం ఎనిమిది వీపులు. మంగళవారం పని కాగానే రోముఆల్డ్ షెడ్డుకి వెళ్ళింది. అరవై ఏడేళ్ళ రోముఆల్డ్ ఆ చుట్టుపక్కల మోటార్‌సైకిళ్ళన్నిటికీ వైద్యుడు. తుంటి ఎముక అరిగిపోయి బండెక్కడం మానేశాడు గానీ నోరు మాత్రం ఏమీ అరగలేదు. పెద్ద బండి కొనమన్నది ఆయనే.

"రోముఆల్డ్ గారూ, నా బండి అమ్మిపెట్టండి."

ఆయన రెంచి కింద పెట్టాడు. "ఏమైంది? గుద్దేశావా?"

"పడిపోయింది. ఆగి ఉండగానే. లేపలేకపోయాను."

"ఓస్, అంతేనా! అందరివీ పడతాయి. వెనక్కి తిరిగి కూర్చుని వీపుతో నెట్టాలి, దానికో కిటుకుంది..."

"కిటుకు నాకు చెప్పకండి. వీపుల సంగతి మీకంటే నాకు తెలుసు. కిటుకంతా వాడాకే చెబుతున్నా. అది నా బరువు కాదు. నలుగురు తిరిగే రోడ్డు మీద పడితే ఎవరో ఒకరు వస్తారు. ఎవరూ లేని చోటికి పోవాలనే కదా నేను బయల్దేరింది! ప్రతిసారీ ట్రాక్టర్ కోసం కూర్చోనా?" గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. "పెద్దది లేకపోతే పోర్చుగల్ కాదు గదా పోజ్నాన్ కూడా పోలేవన్నారు మీరు."

రోముఆల్డ్ మెడ గోక్కున్నాడు. "అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా వచ్చిన ప్రతి మగాడికీ అదే చెబుతున్నాను. చిన్నది చాలంటే వాళ్ళు నొచ్చుకుంటారు. అలవాటైపోయి నీకూ అదే అనేశాను."

ఆయన తప్పు ఒప్పుకోవడం ఆమె ఎప్పుడూ వినలేదు. షెడ్డు చుట్టూ చూసింది. మూల ఆయన కోటు వేలాడేసుకున్నది ఒక మోటార్‌సైకిల్‌కని అప్పుడు కనిపించింది. నీలంరంగు, పదకొండేళ్ళ పాతది. ఇంజను పెద్దదాంట్లో ఐదోవంతు.

"అదెవరిది?"

"సర్వే ఆఫీసరొకడిది. రిటైరయ్యి, అమ్మిపెట్టమని ఇక్కడ పడేశాడు. నూట నలభై కిలోలు. నడుస్తుంది. కానీ గంటకి తొంభై దాటిస్తే కుట్టుమిషన్లా ఏడుస్తుంది. దాన్నెవరు కొంటారు?"

బెర్నదేతా కోటు తీసి ఆయన చేతికిచ్చింది. బండిని షెడ్డు మధ్యకి తోసుకొచ్చింది. హ్యాండిల్ పట్టుకుని, నెమ్మదిగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేల మీదికి ఒరగబెట్టింది.

"అయ్యయ్యో! ఏం చేస్తున్నావ్! నా ఎదురుగానే బండి పడేస్తావా!"

ఆమె వినలేదు. హ్యాండిల్ ఒకవైపుకి పూర్తిగా తిప్పి, సీటుకి నడుము ఆనించి, మోకాళ్ళు వంచి కూర్చుంది. రోజూ రోగులకి చెప్పే మాటే తనకి తను చెప్పుకుంది: నడుముతో కాదు, తొడలతో. చిన్న చిన్న అడుగులు వేస్తూ వెనక్కి నెట్టింది. బండి లేచింది. స్టాండు వేసి, ఊపిరి తీసుకుని, రెండో వైపుకి పడుకోబెట్టింది. మళ్ళీ లేపింది. మూడోసారి పడుకోబెట్టేసరికి రోముఆల్డ్ అరవడం మానేసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మూడోసారీ లేచింది. ఆమె మొహమంతా చెమట. మణికట్లు సలుపుతున్నాయి గానీ తెగిపోవట్లేదు.

"ఇది నా బరువు" అంది.

"పోర్చుగల్ దాకా దీనిమీద..." రోముఆల్డ్ గడ్డం నిమురుకున్నాడు. "సెలవెన్ని రోజులు?"

"నాలుగు వారాలు."

"పెద్ద రోడ్లెక్కలేదు. రోజుకి రెండొందలు, మహా అయితే రెండొందల యాభై. నువ్వే లెక్కేసుకో."

దారి పొడుగునా లెక్కేసుకుంటూనే ఇంటికి నడిచింది. ఆగకుండా, ఒక్క రోజు కూడా విశ్రాంతి లేకుండా, నాలుగు వారాలూ పగలంతా బండి మీదే ఉంటే పోర్చుగల్ పోయి రావచ్చు. అంటే ప్రతి ఉదయం లేచి పనికి పోయినట్టే. ఆ మాట తట్టగానే బ్రిడ్జి మీద ఆగిపోయింది. చలిగాలి కొడుతోంది. కింద నది బురదరంగులో పోతోంది. చాలాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడి, చివరికి పైకే అనేసింది: "నేను పోర్చుగల్ పోను." పక్కనే సైకిలు తోసుకుపోతున్న ఆవిడ ఉలిక్కిపడి చూసింది.

పడమటికి పోవాలి. పధ్నాలుగు రోజులు ఎంత పోతే అంత. పదిహేనో రోజు ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. అంతకు మించి ఏమీ అనుకోదలచుకోలేదు.

అనుకోవడం తేలికే. ఊరికి చెప్పడంలో ఉంది కష్టం. బేకరీలో "అయితే ఎక్కడికి మరి?" అని అడిగారు. "తెలీదు" అంటే ఎవరికీ నచ్చలేదు. పోర్చుగల్ అంటే మెచ్చుకున్నవాళ్ళే, తెలీదంటే మోసపోయినట్టు మొహాలు పెట్టారు. శనివారం పెట్రోలు బంకు దగ్గర చేరే మోటార్‌సైకిల్ బృందం నీలం బండి చుట్టూ చేరి, దానికి పీపా కట్టి పాలు అమ్ముకోమని సలహా ఇచ్చింది. ఆమె విన్నది. ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి కావలసిన ఓపిక ఇప్పుడు వేరే పనికి దాచుకుంటోంది.

కొర్నెలియా మాత్రం ఆరు సీసాల్లో ఐదు చప్పుడు చెయ్యకుండా తీసుకుపోయింది. ఆరోది ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి తెచ్చింది. "పోర్చుగల్ కాదని నేనెప్పుడో అనుకున్నా" అంది.

"ఎందుకని?"

"ఆ మాట ఎవరన్నా అడిగినప్పుడల్లా నీ భుజాలు ఇలా పైకి లేచేవి." భుజాలు చెవుల దాకా లేపి చూపించింది. "నీ దగ్గరికొచ్చే రోగుల్లాగే."

మిగిలింది లియోకాదియా. మూడు బాటిళ్ళూ సంచిలో పెట్టుకుని బెర్నదేతా మూడో అంతస్తు ఎక్కింది. ముసలావిడ తలుపు తీసి, మనిషిని కాక అడుగుల చప్పుడుని గుర్తుపట్టి "రా బెనియా" అంది.

"లియోకాదియా గారూ, లూర్దు దాకా పోతానో లేదో చెప్పలేను. బండి మారింది. పోగలిగితే తెస్తా. పోలేకపోతే... మాట మాత్రం ఇవ్వలేను."

 ముసలావిడ సంచిలోంచి బాటిళ్ళు ఒక్కొక్కటే తడిమి తీసి బల్ల మీద నిలబెట్టింది.

"మొన్న తెస్తానన్నావు."

"కాదనలేక అన్నాను. నా తప్పే."

"మీ అమ్మ అయితే తెచ్చేది. మోకాళ్ళ మీద పోయైనా తెచ్చేది."

"అవును, తెచ్చేది" అంది బెర్నదేతా. అది నిజమే. వాళ్ళమ్మ జీవితమంతా అలాంటి పనులే చేసి, అరవై రెండేళ్ళకే పోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"సరే, పో. నా కళ్ళేవో నేనే చూసుకుంటా" అంది లియోకాదియా. ఆ మాటలోని ఎకసెక్కం మెట్లు దిగుతున్నంతసేపూ బెర్నదేతా వెంటే వచ్చింది.

పది రోజులు ముసలావిడ పలకరించలేదు. మెట్ల మీద ఎదురైతే గోడకేసి జరిగి నిలబడేది. పదకొండో రోజు సాయంత్రం బెర్నదేతా పెరట్లో చైనుకి నూనె వేస్తుంటే కర్ర చప్పుడు వినిపించింది. లియోకాదియా వచ్చి బండిని తడమడం మొదలుపెట్టింది. హ్యాండిల్, ట్యాంకు, సీటు, వెనక మడ్‌గార్డు.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

"మా ఆయన బండి కూడా ఇంతే ఉండేది. దానిమీద ముగ్గురం పోయేవాళ్ళం. మధ్యలో పిల్లాడు, నా ఒళ్ళో బతికున్న బాతు. ఒకసారి బాతు తప్పించుకుంటే ఆయన పొలంలోకి పోనిచ్చాడు దాని వెనకాల." ఆవిడ సీటు మీద అరచేయి వేసి అలాగే ఉంచింది. "ఆయన పోయాక ఎక్కలేదు. నీళ్ళు తేకపోతే తేకపో బెనియా. ఒకసారి ఎక్కించు."

బెర్నదేతాకి ఆ సాయంత్రం చేతులు పైకి లేవట్లేదు. పదిమంది రోగులు, పైగా సామాను సర్దడం సగంలో ఉంది. కాదనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఈమధ్య కాదనడం ఆమెకి బాగానే అలవాటైంది. కానీ అది నోరు దాటలేదు. లోపలికి పోయి కొర్నెలియా హెల్మెట్ తెచ్చింది. తల మీద పెట్టి గడ్డం కింద పట్టీ బిగిస్తుంటే ముసలావిడ ముక్కుపొడుం వాసన వేసింది.

ఇరవై దాటకుండా ఉప్పునీటి గోడల పక్కగా పోనిచ్చింది. వెనకనుంచి రెండు బక్కచేతులు నడుమును గట్టిగా చుట్టుకున్నాయి. షికారు చేస్తున్న రోగులు ఆగి చూశారు. కంపల మీంచి నీరు చుక్కలు చుక్కలుగా కారుతోంది. గాలి ఉప్పగా, చల్లగా ఉంది.

"నెమ్మదిగా పోతున్నావు!" అరిచింది లియోకాదియా.

"ఇరవైలో ఉన్నానండి!"

"మా ఆయన అయితే ఈపాటికి టోరూన్ పట్నం చేరేవాడు!"

ముప్ఫైకి పెంచింది. మూలలో బండి వంగితే ముసలావిడ కూడా సరిగ్గా దానితోపాటే వంగింది. భయపడి ఎదురు వాలే కొత్తవాళ్ళలా కాకుండా, ఒళ్ళంతా గుర్తున్నదానిలా. రెండోసారి కూడా తిప్పమంది. మూడోసారి బెర్నదేతాయే అడక్కుండా తిప్పింది. పెరట్లో దింపాక ఆవిడ హెల్మెట్ తీసి, తెల్లజుట్టు సవరించుకుని, "సీటు గట్టిగా ఉంది. దుప్పటి మడతపెట్టి వేసుకో" అని, కర్ర పుచ్చుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు.

మే పదకొండో తారీకు పొద్దున ఎనిమిదింటికి బెర్నదేతా బయల్దేరింది. ఊళ్ళో వాళ్ళెవరూ రాలేదు. పోర్చుగల్ అయి ఉంటే వచ్చేవాళ్ళేమో. గుడ్డ సంచులు రెండు, గుడారం, వాన బట్టలు, బిగోస్ డబ్బా, సీటు మీద మడతపెట్టిన దుప్పటి. కొర్నెలియా రాత్రి గౌను మీద కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడింది.

"రోజూ ఫోన్ చెయ్."

"రెండ్రోజులకోసారి."

"రోజూ అన్నాను. వాదించకు, ఏడుపొస్తోంది."

చెస్ట్‌నట్ చెట్లన్నీ పూసి ఉన్నాయి. చిన్న రోడ్లు పట్టుకుని, ఆవాల పొలాల మధ్య నుంచి పడమటికి పోయింది. కుట్టుమిషన్ బాగానే కుట్టింది. ప్రయాణం మొదలైతే గుండె ఎగిరి గంతేస్తుందని మూడేళ్ళు అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు. అలసట కూడా ఆమెతోపాటే బండెక్కి వచ్చింది. పోజ్నాన్ దాటేసరికి రెండున్నరయింది. అరచేతులు మండుతున్నాయి. ఒక సరస్సు పక్కన "గదులున్నాయి" అన్న బోర్డు కనిపిస్తే ఆగింది. ఇంకా ఎండ ఉంది, ఇంకో వంద కిలోమీటర్లు పోవచ్చు. ఎవరు పొమ్మన్నారు గనక?

గది అద్దెకిచ్చే ఆవిడ పేరు యాద్విగా. "ఎంతదాకా ప్రయాణం?" అని తాళంచెవి ఇస్తూ అడిగింది.

"ఈరోజుకి ఇక్కడిదాకానే."

బూట్లు విప్పి మంచం మీద వాలింది. రాత్రి భోజనానికి యాద్విగా తలుపు కొట్టి, జవాబు రాకపోతే మెల్లగా వెళ్ళిపోయింది. బెర్నదేతా కళ్ళు తెరిచేసరికి మర్నాడు ఉదయం తొమ్మిదయింది. వాన పడుతోంది. పనికి ఆలస్యమైందనుకుని గబుక్కున లేచి కూర్చుని, గది చూసి, మళ్ళీ పడుకుంది. పదింటికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావక్కా? జర్మనీలో అడుగు పెట్టావా?"

"పోజ్నాన్ పక్కన. సరస్సు దగ్గర."

"పోజ్నాన్ పక్కనా? నిన్నంతా ఏం చేశావు?"

"పడుకున్నా."

"మరి ఈరోజు?"

బెర్నదేతా కిటికీ వైపు చూసింది. నీళ్ళ మీద వాన సన్నగా పడుతోంది. పడవ ఒకటి తాడుకి కట్టి ఉంది. "ఈరోజు కూడా పడుకుంటా."

 అవతల కొర్నెలియా నవ్వడం మొదలుపెట్టింది. ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్ళీ మళ్ళీ నవ్వింది. "బేకరీలో అడుగుతారక్కా. ఏం చెప్పను?"

"అక్క నిద్రపోతోందని చెప్పు."

సాయంత్రానికి వాన వెలిసింది. యాద్విగా ఇచ్చిన వేడి సూపు రెండు గిన్నెలు తాగి, బిగోస్ డబ్బా ఆవిడతో సగం సగం పంచుకుని, సరస్సు ఒడ్డుదాకా నడిచి వచ్చింది. ఆ రాత్రి కూడా అక్కడే ఉంది. మూడో రోజు పొద్దున ఎండ కాసింది. బండిని పడమటి వైపు తిప్పి, సీటు మీద నీళ్ళు తుడిచి, దుప్పటి పరిచి, తీరిగ్గా గ్లవ్స్ తొడుక్కుంది.